87.2 స్ట్రోక్ క్రాంక్‌ను 84.2కి గ్రైండ్ చేయిస్తే 9,500 తిరుగుతుందా?

#1 తొమ్మిదివేలు

అందరికీ నమస్తే. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

నా దగ్గర హోండా బి18సి ఇంజిన్ ఒకటి విప్పి బల్ల మీద ఉంది. బోర్ (సిలిండర్ వ్యాసం) 81 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం) 87.2, మొత్తం 1,797 సీసీ. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే నిష్పత్తి) 11 దగ్గర ఉంది. ట్రాక్ మీద తప్ప ఈ కారు ఇంకెక్కడా నడవదు. ఇప్పటిదాకా 8,400 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా తిప్పాను. 9,500 చూడాలని కోరిక.

ప్లాన్ ఇది. క్రాంక్‌పిన్ (క్రాంక్ మీద పిస్టన్ రాడ్ పట్టే చోటు) ఇప్పుడు 45 మి.మీ. ఉంది. దాన్ని ఆఫ్‌సెట్ గ్రైండింగ్‌తో (ఒకవైపే ఎక్కువ అరగదీయడం) 42కి తెస్తాను. పిన్ను కేంద్రం 1.5 మి.మీ. మెయిన్ జర్నల్ (క్రాంక్ బ్లాక్‌లో కూర్చుని తిరిగే భాగం) వైపు జరుగుతుంది, స్ట్రోక్ 3 మి.మీ. తగ్గి 84.2 అవుతుంది. కౌంటర్‌వెయిట్లు (పిన్నులకు ఎదురుగా ఉండే బరువులు) కూడా అంచు తీయించి కత్తిలా చేయిద్దామనుకుంటున్నాను. రాడ్లు ఆర్డర్ మీద చేయించాలి. ఎవరైనా ఇలా చేశారా?

#2 కొత్తస్పానర్

సూపర్ ప్రాజెక్ట్ అన్నా! ఫోటోలు పెట్టండి.

#3 లెక్కల మాస్టారు

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. సగటు పిస్టన్ వేగం అంటే స్ట్రోక్‌ను రెండుతో హెచ్చించి, సెకనుకు ఎన్ని చుట్లో దానితో మళ్ళీ హెచ్చించడమే.

87.2 స్ట్రోక్, 8,400 ఆర్‌పీఎం: సెకనుకు 24.4 మీటర్లు.
84.2 స్ట్రోక్, 9,500 ఆర్‌పీఎం: 26.7 మీటర్లు.

ఇప్పుడు తిరగేసి చూడండి. మీ ఇంజిన్ ఇంతవరకూ తట్టుకున్న 24.4 దగ్గరే ఆగాలంటే 84.2 స్ట్రోక్‌తో ఎంతవరకు తిప్పొచ్చు? 8,700. అంటే ఇంత ఖర్చు, ఇంత శ్రమ పెట్టి 3 మి.మీ. తగ్గిస్తే మీకు దక్కేది 300 ఆర్‌పీఎం. మీకు కావలసింది 1,100.

ఎస్2000 కారులో హోండా ఏం చేసిందో గుర్తుందా? దాని ఎఫ్20సి ఇంజిన్ స్ట్రోక్ 84, ఎర్రగీత (తిప్పగల గరిష్ఠ ఆర్‌పీఎం) 9,000. తర్వాత స్ట్రోక్‌ను 90.7కి పెంచి ఎఫ్22సి చేశారు. ఎర్రగీత 8,000కి దిగింది. పిస్టన్ వేగం మొదటిదానికి 25.2, రెండోదానికి 24.2 వస్తుంది. ఫార్ములా వన్‌లో 18,000 తిరిగిన 2.4 లీటర్ల వి8 ఇంజిన్లకూ ఇది 24కి అటూ ఇటూగానే ఉండేది. వాటి స్ట్రోక్ 40 మి.మీ.కి కాస్త తక్కువ, అందుకే అంత తిరిగాయి.

#4 తొమ్మిదివేలు

మాస్టారూ, 300 అని చూడగానే గుండె జారిపోయింది. కానీ మంచి రాడ్లు, ఫోర్జ్డ్ పిస్టన్లు వేస్తే 26.7 తట్టుకోదా?

#5 లెక్కల మాస్టారు

తట్టుకోవచ్చు. కానీ సగటు వేగం అనేది వేడికీ అరుగుదలకీ మోటుగా చూసుకునే కొలత. రాడ్ బోల్టులను తెంపేది త్వరణం. అది ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. పిస్టన్ పైకి వచ్చి దిశ మార్చుకునే క్షణంలో, ఇప్పుడు 8,400 దగ్గర సుమారు 4,500 జీ (భూమి ఆకర్షణకు 4,500 రెట్లు). మీ ప్లాన్‌లో 9,500 దగ్గర 5,500 జీ. పిస్టన్, పిన్ను, రింగులు, రాడ్ పై భాగం కలిపి 600 గ్రాములనుకోండి. ఒక్కో రాడ్‌ను లాగే బరువు 2.7 టన్నుల నుంచి 3.3 టన్నులకు చేరుతుంది. అదీ ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర. అక్కడ పిస్టన్‌ను పైనుంచి ఆపడానికి మంట ఒత్తిడి కూడా ఉండదు. మొత్తం రాడ్ బోల్టుల మీదే.

#6 గ్రైండింగ్ బాబాయ్

తమ్ముడూ, లెక్కలు మాస్టారుకే వదిలేస్తాను. నేను ఇరవై ఏళ్ళుగా క్రాంకులు గ్రైండ్ చేస్తున్నవాణ్ణి, మిషన్ మీద ఏం జరుగుతుందో చెప్తా.

స్ట్రోక్ తగ్గించే ఆఫ్‌సెట్‌లో పిన్ను బయటివైపు 3 మి.మీ. పోతుంది, లోపలివైపు దాదాపు ఏమీ పోదు. నైట్రైడింగ్ (వేడిలో నైట్రోజన్ పట్టించి ఉక్కు పైపొరను గట్టిపరచడం) చేసిన క్రాంకుకు గట్టిదనం పైపైనే ఉంటుంది, అర మిల్లీమీటరు కూడా ఉండదు. 3 మి.మీ. తీశాక ఒకవైపు గట్టిగా, ఒకవైపు మెత్తగా ఉంటుంది. కాబట్టి గ్రైండింగ్ అయ్యాక మళ్ళీ నైట్రైడింగ్ చేయించాలి. ఆ వేడికి క్రాంక్ కాస్త వంగుతుంది. వి-బ్లాకుల మీద పెట్టి, నడిమి జర్నల్‌కు డయల్ గేజ్ ఆనించి తిప్పి చూడాలి. సరిచేశాక మళ్ళీ పాలిష్.

రెండోది ఫిల్లెట్. పిన్ను, వెబ్ (పిన్నును జర్నల్‌తో కలిపే పక్క చేయి) కలిసే మూలలో గుండ్రంగా ఒక వంపు ఉంటుంది కదా, క్రాంక్ ప్రాణం అక్కడే ఉంది. రాయి అంచు అరిగి మూల పదునుగా వస్తే పగులు అక్కడే మొదలవుతుంది. గోరు పెట్టి లాగి చూడు. తగిలితే ఆ క్రాంక్ వద్దు. వంపు మరీ పెద్దదైనా తంటానే, బేరింగ్ షెల్ (పిన్ను చుట్టూ ఉండే పలుచటి లోహపు తొడుగు) అంచు దాని మీద ఎక్కుతుంది. షెల్ అంచు చెక్కుకోవాలి.

మూడోది ఆయిల్ రంధ్రం. గ్రైండ్ చేశాక దాని నోరు బ్లేడులా తయారవుతుంది. చేత్తో గుండ్రం చేయకపోతే మొదటి నిమిషంలోనే షెల్‌ను గీసేస్తుంది.

#7 టార్క్‌రెంచ్ అక్క

బాబాయ్ చెప్పినదానికి ఒక మంచి మాట కలుపుతా. చాలామంది "పిన్ను సన్నబడితే క్రాంక్ బలహీనపడుతుంది" అంటారు. అన్నిసార్లూ కాదు. మెయిన్ జర్నల్, క్రాంక్‌పిన్ క్రాంక్ కొస నుంచి చూస్తే ఒకదాని మీద ఒకటి ఎంత కప్పుకుంటాయో చూడాలి. దాన్నే ఓవర్‌ల్యాప్ అంటారు. మెయిన్ 55, పిన్ 45, స్ట్రోక్‌లో సగం 43.6 అయితే ఓవర్‌ల్యాప్ 6.4 మి.మీ. నువ్వనుకున్నట్టు 42 పిన్, సగం స్ట్రోక్ 42.1 అయితే? మళ్ళీ 6.4. లోపలి అంచు కదల్లేదు కాబట్టి అది మారదు. అదే ఆఫ్‌సెట్‌ను స్ట్రోక్ పెంచడానికి వాడి ఉంటే 3.4కి పడిపోయేది. ఆ దిక్కుకు పోలేదు, సంతోషం.

కానీ అసలు ప్రశ్న అడగనివ్వు తమ్ముడూ. హోండా 1.6 లీటర్ల బి16 ఇంజిన్ క్రాంక్ స్ట్రోక్ 77.4, అదే 45 పిన్ను. దాని ఓవర్‌ల్యాప్ 11.3. అది ఉండగా ఈ గ్రైండింగ్ ఎందుకు?

#8 పాతబోరు

అక్క చెప్పింది హోండా ఎప్పుడో చేసేసింది. 1997 సివిక్ టైప్ ఆర్‌లోని బి16బి చూడండి. 1.6 లీటర్లే, కానీ బ్లాక్ మాత్రం మీ బి18సి లాంటి ఎత్తుదే. అందులో 77.4 క్రాంక్, 142.4 మి.మీ. పొడవు రాడ్లు పెట్టారు. మీ రాడ్లు 137.9. కూడి చూడండి, సగం స్ట్రోక్ ప్లస్ రాడ్: మీది 43.6 + 137.9 = 181.5, దానిది 38.7 + 142.4 = 181.1. తేడా 0.4 మి.మీ. అంటే పిస్టన్ పైకి వచ్చే ఎత్తు దాదాపు అదే. రాడ్, స్ట్రోక్ నిష్పత్తి 1.58 నుంచి 1.84కి పోతుంది. పిస్టన్ గోడను తక్కువ నెడుతుంది.

#9 లెక్కల మాస్టారు

77.4 స్ట్రోక్, 9,500: సెకనుకు 24.5 మీటర్లు. ఇప్పుడు మీరు 8,400 దగ్గర తిప్పుతున్నదీ అంతే. త్వరణం మాత్రం సుమారు 5,000 జీ ఉంటుంది, కాబట్టి బోల్టుల సంగతి మర్చిపోవద్దు.

కంప్రెషన్ కూడా చూసుకోండి. మీ ప్లాన్‌లో పాత రాడ్లు, పాత పిస్టన్లే ఉంచితే పిస్టన్ 1.5 మి.మీ. కిందే ఆగిపోయి కంప్రెషన్ 11 నుంచి 9.2కి పడేది. రాడ్ 1.5 పొడవు పెంచినా 10.7. బి16 క్రాంక్‌తో ఎత్తు సరిపోయినా, సిలిండర్ చిన్నది కాబట్టి అదే పిస్టన్ ఆకారంతో 10 కంటే కిందికి వస్తుంది. పైకి ఉబ్బిన పిస్టన్లు కావాలి.

#10 సరదారైడర్

నేను ఒక్క చేదు మాట చెప్పనా? టార్క్ సీసీతో పాటు పోతుంది. 1.8తో 8,000 దగ్గర 180 న్యూటన్ మీటర్లు వస్తుందనుకోండి. 1.6తో 9,000 దగ్గర 160 వస్తుంది. రెండింటికీ పవర్ ఒకటే, 151 కిలోవాట్లు. వెయ్యి ఆర్‌పీఎం ఎక్కువ తిప్పి, ఉన్నచోటికే వస్తారు. మరి దేనికోసం?

#11 తొమ్మిదివేలు

శబ్దం కోసం అన్నా. నిజం చెప్పాలంటే అంతే.

#12 సరదారైడర్

సరే, ఇక నేనేమీ మాట్లాడను 😄 గేర్లు మాత్రం దగ్గరివి, పొట్టివి వేసుకో. ఎక్కువ తిరిగే ఇంజిన్‌కు లాభం ఏదైనా ఉంటే అక్కడే.

#13 కొత్తస్పానర్

ఒక డౌట్. క్రాంక్, ఫ్లైవీల్ తేలిక చేస్తే ఆర్‌పీఎం దానంతటదే పెరగదా? ఇంకోటి, యమహా ఆర్1లో 2009 నుంచి క్రాస్‌ప్లేన్ క్రాంక్ వస్తోంది కదా, అలా చేయించుకోవచ్చా?

#14 టార్క్‌రెంచ్ అక్క

తేలిక చేస్తే సూది త్వరగా లేస్తుంది, త్వరగా పడుతుంది. ఎంతవరకు లేవాలన్నది గాలి, వాల్వులు, రాడ్లు నిర్ణయిస్తాయి. క్రాస్‌ప్లేన్ అంటే పిన్నులు 90 డిగ్రీల చొప్పున తిరిగి ఉంటాయి, క్యామ్, ఇగ్నిషన్ అన్నీ మార్చాలి, ఊపు తగ్గించడానికి బ్యాలెన్స్ షాఫ్ట్ కావాలి. ఈ థ్రెడ్‌లో వద్దు నాన్నా.

కౌంటర్‌వెయిట్లు కత్తిలా చెక్కడం గురించి కూడా ఇప్పుడే చెప్పేస్తా. నాలుగు సిలిండర్ల వరుస ఇంజిన్‌లో పిన్నులు ఒకదానికొకటి బ్యాలెన్స్ అవుతాయి, నిజమే. అందుకే వి8లా పిన్నులకు బాబ్‌వెయిట్లు (రాడ్, పిస్టన్‌ల బదులు పెట్టే బరువులు) కట్టి బ్యాలెన్స్ చేయనక్కర్లేదు. కానీ కౌంటర్‌వెయిట్ పని అది ఒక్కటే కాదు. ఒక్కో పిన్ను బరువును అక్కడికక్కడే కాసుకుంటుంది, లేకపోతే ఆ బలమంతా మెయిన్ బేరింగుల మీద పడి క్రాంక్ వంగుతుంది. ఆయిల్ చిలకడం తగ్గించుకోవడానికి ముందంచు కొద్దిగా గుండ్రం చేయించుకో, చాలు. బరువు మాత్రం తీయకు.

#15 గ్రైండింగ్ బాబాయ్

అక్కతో ఇక్కడ కొంచెం తగువు పెట్టుకుంటాను. నేను కత్తి అంచు చేసినవి తిరిగాయి, ఏమీ కాలేదు.

#16 టార్క్‌రెంచ్ అక్క

ఎంత ఆర్‌పీఎం బాబాయ్?

#17 గ్రైండింగ్ బాబాయ్

7,000.

#18 టార్క్‌రెంచ్ అక్క

🙂

#19 తొమ్మిదివేలు (మూడు వారాల తర్వాత)

మీ ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. మొదటి పోస్ట్ పెట్టేనాటికే క్రాంక్ గ్రైండింగ్‌కి ఇచ్చేశాను. తిట్టుకోండి.

నిన్న తెచ్చుకున్నాను. చూడ్డానికి అద్దంలా ఉంది. బాబాయ్ చెప్పినట్టు మూలలో గోరు పెట్టి లాగాను. ఒకటో పిన్ను బాగుంది, రెండు బాగుంది. మూడో పిన్ను దగ్గర గోరు టక్కున ఆగింది. మైక్రోమీటర్‌తో చూస్తే సైజు నాలుగింటికీ సరిగ్గానే ఉంది, ఆ ఒక్క మూలే పదునుగా వచ్చింది. మాగ్నెటిక్ టెస్టుకి పంపాను. అయస్కాంతం చేసి, ఫ్లోరసెంట్ పొడి కలిపిన ద్రవం పోసి, చీకట్లో అల్ట్రావయొలెట్ లైటు వేశారు. అదే మూలలో సన్నటి పచ్చటి గీత, వెంట్రుకంత, పిన్ను చుట్టూ పావు వంతు. కంటికి అసలు కనబడదు. అది లోపలికి వేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గా ఉంది.

#20 గ్రైండింగ్ బాబాయ్

రాయి డ్రెస్ చేయకుండా (అంచు సరిచేయకుండా) మూడో పిన్నుకి వెళ్ళి ఉంటాడు, కూలెంట్ కూడా సరిగ్గా పోసి ఉండడు. వేడికి పగిలింది. లేదంటే పగులు ముందే ఉందేమో, గ్రైండ్ చేయడానికి ముందు టెస్టు చేయించావా?

#21 తొమ్మిదివేలు

లేదు.

#22 గ్రైండింగ్ బాబాయ్

మరి ఎవర్ని తిడతాం. టెస్టు ముందొకసారి, తర్వాతొకసారి.

#23 తొమ్మిదివేలు (మరో రెండు నెలలకి)

77.4 క్రాంక్ దొరికింది. ఈసారి కొనకముందే టెస్టు చేయించాను. పిన్నులు కొత్త సైజులోనే ఉన్నాయి, పాలిష్ తప్ప రాయి తగలనివ్వలేదు. 142.4 రాడ్లు, ఉబ్బిన ఫోర్జ్డ్ పిస్టన్లు. బ్యాలెన్సింగ్‌కి ఇచ్చాను. అక్కడ ఆయన ఒక మాట అన్నారు: 70 మి.మీ. దూరంలో ఒక్క గ్రాము తేడా ఉంటే 9,500 దగ్గర అది 7 కిలోల బలంతో గుంజుతుందట.

బేరింగ్ గ్యాప్ ఎంత పెట్టమంటారు? ప్లాస్టిగేజ్‌తో (నలిగి గ్యాప్ చూపే సన్నటి ప్లాస్టిక్ దారం) చూస్తే 0.04 మి.మీ. వచ్చింది.

#24 పాతబోరు

ప్లాస్టిగేజ్ పక్కన పెట్టు. క్యాప్ బిగించి, బోర్ గేజ్‌తో లోపలి వ్యాసం, మైక్రోమీటర్‌తో పిన్ను కొలిచి తీసివేయి. పాత లెక్క ప్రకారం జర్నల్ వ్యాసంలో వెయ్యో వంతు, అంటే 45 పిన్నుకి 0.045. ఎక్కువ తిప్పే ఇంజిన్‌కి నేను ఇంకొంచెం వదులే పెడతాను. దానికి తగ్గట్టు ఆయిల్ పంప్ ఉండాలి మరి. రాడ్ బోల్టులు టార్క్ చూసి కాదు, సాగుదల గేజ్‌తో బిగించు. ప్రతి బోల్టుకీ బిగించకముందు పొడవు రాసి పెట్టుకో. రేపు విప్పినప్పుడు ఏదైనా ఆ పొడవుకి తిరిగి రాకపోతే చెత్తబుట్టలో వెయ్యి.

#25 లెక్కల మాస్టారు

ఆయిల్ విషయంలో చాలామంది చూడని సంగతి ఒకటి ఉంది. రాడ్ బేరింగ్‌కి ఆయిల్ మెయిన్ జర్నల్ గుండా వెళ్తుంది. ఆ రంధ్రం జర్నల్ మధ్య గుండా పోయేదైతే, ఆయిల్ ముందు బయటి అంచు నుంచి కేంద్రానికి రావాలి. తిరిగే క్రాంక్ దాన్ని బయటికి నెడుతూ ఉంటుంది. 55 మి.మీ. జర్నల్‌కి 8,400 దగ్గర ఆ నెట్టుడును దాటడానికే 2.5 బార్ కావాలి, 9,500 దగ్గర 3.2 బార్. మీటర్‌లో 4 బార్ చూపిస్తోందని సంబరపడకండి, రాడ్ వాటా అందులో కొంతే.

#26 టార్క్‌రెంచ్ అక్క

ముందు పుల్లీ మార్చలేదు కదా? అల్యూమినియం తేలిక పుల్లీ అందంగా ఉంటుంది కానీ అసలు పుల్లీలో ఉన్న రబ్బరు డ్యాంపర్ అందులో ఉండదు. క్రాంక్ మెలితిరిగే వణుకును తినేది ఆ రబ్బరే. అది లేకపోతే ఆ వణుకంతా ముందున్న ఆయిల్ పంప్ గేర్ల మీద పడుతుంది. పగిలిన పంప్ గేరు ముక్కలు నా డబ్బాలో ఇప్పటికీ ఉన్నాయి.

#27 తొమ్మిదివేలు

కొన్నాను అక్కా, ఎర్ర రంగుది 😔 వేయను.

#28 తొమ్మిదివేలు (ఇంజిన్ కట్టాక)

స్టార్ట్ అయింది! డైనో (పవర్ కొలిచే మిషన్) మీద పెట్టాం. 8,700 దగ్గర పీక్ పవర్, పాత ఇంజిన్ కంటే 3 కిలోవాట్లు మాత్రమే ఎక్కువ. సరదారైడర్ అన్నా, నవ్వకండి. 4,000 దగ్గర పాత లాగుడు లేదు, పిట్ నుంచి బయటికి రావాలంటే క్లచ్‌తో ఆడుకోవాల్సి వస్తోంది. కానీ 7,000 దాటాక ఆ గొంతు... రాయలేను.

సమస్య ఏమిటంటే 8,900 దగ్గర గ్రాఫ్ రంపపు పళ్ళలా అయి, టార్క్ ఒక్కసారిగా పడిపోతోంది. ఇగ్నిషన్ కట్ కాదు, లిమిటర్ (ఆర్‌పీఎం హద్దు దాటకుండా ఆపేది) 9,200 దగ్గర ఉంది. మిశ్రమం బాగానే ఉంది.

#29 పాతబోరు

వాల్వ్ స్ప్రింగులు పాతవేనా?

#30 తొమ్మిదివేలు

పాతవే. డబ్బులన్నీ కిందికే పోయాయి.

#31 పాతబోరు

అదే. క్యామ్ వెనకాల వాల్వ్ పరుగెత్తలేకపోతోంది. స్ప్రింగ్ తనలో తానే ఊగి, వాల్వ్ సీటు మీద పడి ఎగురుతోంది. ఇంకా తిప్పితే పిస్టన్‌కి తగులుతుంది. కొత్తవి వేసేటప్పుడు స్ప్రింగ్ బిగించిన ఎత్తు పదహారింటికీ కొలిచి, పలుచటి వాషర్లతో సమానం చెయ్యి. పిస్టన్ మీద మైనపు మట్టి పెట్టి చేత్తో రెండు చుట్లు తిప్పి, మట్టిని కోసి మందం చూడు. ఇన్‌టేక్ వైపు 1.5, ఎగ్జాస్ట్ వైపు 2 మి.మీ. కంటే తక్కువుంటే నేనైతే స్టార్ట్ చేయను.

#32 తొమ్మిదివేలు (పది రోజులకి)

స్ప్రింగులు మార్చాను. మట్టి 1.8, 2.3 వచ్చింది. ఆ రంపం పోయింది, 9,200 దాకా గీత నున్నగా ఉంది. ఆయిల్ ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూశాను, మెరుపు ఏమీ లేదు. మాస్టారూ, లిమిటర్ 9,500కి జరపనా?

#33 లెక్కల మాస్టారు

ఇప్పుడు 9,200 దగ్గర పిస్టన్ వేగం 23.7లో ఉన్నారు, జాగా ఉంది. స్ప్రింగులు సరే. రాడ్ బోల్టుల పొడవు మళ్ళీ కొలిచారా?

#34 తొమ్మిదివేలు

ఇంకా లేదు. ఆదివారం సంప్ (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి) దించుతాను. పొడవులు రాసిన కాగితం గ్యారేజ్ గోడకే అంటించి ఉంది.